అమ్మవారి పాటకు అరువు దరువు



శివరాత్రి దగ్గర పడుతోందంటే చాలు, మన మెదక్ వైపు ఏడుపాయల అమ్మవారి మీద కొత్త పాటలు మొదలవుతాయి. నాగ్సాన్‌పల్లి దగ్గర మంజీర ఏడు పాయలుగా చీలే చోట వెలసిన వనదుర్గా భవాని జాతర అంటే పాట లేకుండా ఎట్లా? ఒకప్పుడు ఆ పాటకు డప్పు, డోలక్, తాళాలు పట్టుకునే నలుగురు మనుషులు కావాలి. ఇప్పుడు ఒక లాప్‌టాప్ చాలు.

ఎఫ్ఎల్ స్టూడియో లాంటి సాఫ్ట్‌వేర్‌లో ముందే రికార్డు చేసిన చిన్న ముక్కలను వాడుకోవచ్చు. వీటినే లూపులంటారు. ఒక ఆవర్తం డోలక్ ముక్క తీసుకుని, కాపీ చేసుకుంటూ వరుసగా పేర్చితే పాట మొత్తానికి దరువు తయారు. 1997లో బెల్జియంలో పుట్టినప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ పేరే ఫ్రూటీలూప్స్.

ఇక్కడే ఒక సందేహం. ఎవరో వాయించిన ముక్కలు పేర్చి చేసిన పాట అమ్మవారికి మన అర్పణ ఎట్లా అవుతుంది?

ముందు మన సంప్రదాయాన్నే చూద్దాం. లఘువు, ద్రుతం, అనుద్రుతం అనే మూడు ముక్కలతోనే సప్త తాళాలు కట్టారు. లఘువుకు అయిదు జాతులు, కాబట్టి 35 తాళాలు. త్యాగరాజస్వామి దివ్యనామ కీర్తనల్లో చరణాలన్నీ చాలావరకు ఒకే బాణీలో సాగుతాయి. అన్నమయ్య రాగిరేకుల్లో పాట, రాగం పేరు ఉన్నాయి గానీ స్వరాలు లేవు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు వంటి పెద్దలు ఎన్నో కీర్తనలకు స్వరం కట్టారు. అంటే ముక్కలు పేర్చడం, ఒకరి మాటకు మరొకరి బాణీ తోడవడం మనకు కొత్త కాదు, తప్పూ కాదు. బజార్లో కొన్న పూలతో దండ కట్టినా అమ్మవారు వద్దనదు కదా!

మరి తేడా ఎక్కడుంది? రెండు చోట్ల.

మొదటిది, లూపు వినదు. భజనలో భక్తులు ఊపందుకుంటే డోలక్ ఆయన వేగం పెంచుతాడు. పాడేవాళ్ల గొంతు గద్గదమైతే చెయ్యి తగ్గిస్తాడు. లూపు మాత్రం మనం పెట్టిన వేగంలోనే పోతుంది. మనమే దాని వెంట పరుగెత్తాలి.

రెండోది ఋణం. ఆ ముక్క వెనక ఎక్కడో ఒక మనిషి చెయ్యి ఉంది. చాలా లూపులు రాయల్టీ ఫ్రీ. మళ్లీ డబ్బు కట్టక్కర్లేదని లైసెన్సు చెబుతుంది. చట్టం దృష్టిలో అక్కడితో అయిపోయింది. కానీ మన ధర్మంలో ఋణం డబ్బుతోనే తీరదు. దేవ ఋణం, ఋషి ఋణం, పితృ ఋణం అన్నారు పెద్దలు. మనకు అందినదాన్ని గుర్తుపెట్టుకుని ముందుకు అందించాలని దాని అర్థం. లూపు వాడి, కింద "సంగీతం" అని మన పేరొక్కటే వేసుకుంటే ఆ గుర్తు చెరిగిపోయినట్టే. పక్క వీధిలో డప్పు కొట్టే అన్నను పిలవడం మానేస్తే, రేపు లూపు చేయడానికైనా ఆ దరువు తెలిసినవాళ్లు ఎవరుంటారు?

అట్లాగని లూపు వాడొద్దని చెప్పను. స్టూడియో ఖర్చు భరించలేని పల్లె గాయకురాలికి ఆ లాప్‌టాప్ లేకపోతే పాటే లేదు. ఆమె భక్తికి వంక పెట్టే హక్కు మనకెక్కడిది? వాడినవాళ్లు రెండు పనులు చేస్తే చాలు. దరువు లూపుదైతే డిస్క్రిప్షన్‌లో ఆ మాట రాయండి. వీలైన పాటలో ఒక్క వాయిద్యమైనా మనిషి చేత వాయించి, ఆయనకు ఇవ్వాల్సింది ఇచ్చి, పేరు వేయండి.

దండలో పూలు కొన్నవైనా, దారం పట్టుకున్న చెయ్యి మనది. ఆ చెయ్యి అబద్ధం ఆడకూడదు.

మీ ఊళ్లో అమ్మవారి పాటకు ఇప్పటికీ డప్పు, డోలక్ వాయించేవాళ్లుంటే కామెంట్లో చెప్పండి. ఆ వనదుర్గమ్మ చల్లని చూపు మీ అందరి మీదా ఉండాలి. శుభం భూయాత్.