పాట పాతబడటం: పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతం నేపథ్యంలో ఉద్యమగేయం, దాని విమర్శ

పాశ్చాత్య సంగీతంలో ‘పోస్ట్-రాక్’ అనే మాటకు విచిత్రమైన చరిత్ర ఉంది. 1994లో బ్రిటిష్ విమర్శకుడు సైమన్ రేనాల్డ్స్ దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. గిటారు, డ్రమ్ముల వంటి రాక్ వాద్యాలనే వాడుతూ రాక్ పద్ధతి నుంచి బయటపడిన సంగీతం అని ఆయన ఉద్దేశం. కొన్నేళ్ళు గడిచేసరికి మెల్లగా మొదలై, క్రమంగా బలపడి, చివరికి హోరుగా విరుచుకుపడే దీర్ఘ వాద్యరచన అనే అర్థం ఆ పేరుకు స్థిరపడింది. మూసను విడిచినందుకు పెట్టిన పేరు మరో మూసకు పేరైంది. దాన్ని సమీక్షించే వాక్యాలూ అలాగే గట్టిపడ్డాయన్న ఆరోపణ ఉంది. ఆ ఆరోపణలోని న్యాయాన్యాయాల కన్నా, అదే ప్రశ్నను తెలంగాణ ఉద్యమగేయం విషయంలో అడగగలమా అన్నది తెలుగు పరిశోధకులకు దగ్గరి విషయం. అందుకు ఉమ్మడి మెదక్ జిల్లా, అందులోనూ సంగారెడ్డి–పటాన్‌చెరు ప్రాంతం, తగిన చోటు.

ఈ జిల్లాకు పాటతో ఉన్న బంధుత్వం చిన్నది కాదు. గద్దర్ పుట్టిన తూప్రాన్ ఉమ్మడి మెదక్ జిల్లాలోనిదే. 1972లో ఏర్పడిన జననాట్యమండలి ద్వారా ఆయన ఒగ్గుకథ, బుర్రకథ, జోలపాట, పొలంపనుల పాట వంటి వరుసలను రాజకీయ గేయంలోకి తెచ్చారు. 1979 నాటి ‘మా భూమి’ చిత్రంలో ఆయన పాడింది సాయుధ పోరాట కాలంలో యాదగిరి కట్టిన పాట. అంటే మూడు దశాబ్దాల నాటి పాటను మళ్ళీ పాడారు. అప్పుడది పాతబడినట్టు ఎవరికీ తోచలేదు. పాత వరుస, పాత పల్లవి, పాత ఉపమానం ఉన్నంత మాత్రాన పాట పాతబడదని గుర్తించడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మౌఖిక సంప్రదాయంలో పునరుక్తి దోషం కాదన్న సంగతి సిద్ధాంతపరంగానూ కొత్తది కాదు. ఆల్బర్ట్ లార్డ్ 1960లో వెలువరించిన ‘ద సింగర్ ఆఫ్ టేల్స్’, గాయకుడు సిద్ధంగా ఉన్న పదబంధాలతోనే ప్రతిసారీ కథను కొత్తగా కడతాడని నిరూపించింది. అంతకు చాలా ముందే ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’ నాలుగో ఉద్యోతంలో, ఇంతకుముందు చూసిన అర్థాలే రసస్పర్శతో వసంతకాలపు చెట్లలా కొత్తగా కనిపిస్తాయని చెప్పాడు. చెట్టు పాతదే, చిగురు కొత్తది. ఉద్యమగేయంలో ఆ చిగురు ఎక్కడ పుడుతుందన్నది అసలు ప్రశ్న. అది పాడేవారికీ వినేవారికీ నడుమ పుడుతుందన్నదే ఇక్కడి ప్రతిపాదన. ఎదుటివారెవరో ఎరిగి, వారితో ఏదో ఒకటి తేల్చుకోవడానికి పాడినంతకాలం పాత వరుసకు ప్రాణం ఉంటుంది. ఆ ఎదుటి మనిషి మారిపోయాక కూడా పాత మనిషినే ఊహించుకుని పాడితే ఎంత కొత్త మాట వేసినా పాట నిలవదు.

పటాన్‌చెరులో ఆ ఎదుటి మనిషి మారిన తీరు కళ్ళముందే ఉంది. 1970లలో ఇక్కడ పారిశ్రామికవాడ వెలసింది. ఇక్రిశాట్ 1972లో వచ్చింది. మందులు, రసాయనాల పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగులో కలిసి మంజీరకు చేరడంపై 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. 2007లో ప్రచురితమైన లార్సన్ బృందం అధ్యయనం, సుమారు 90 ఔషధ పరిశ్రమల మురుగును శుద్ధిచేసే ఇక్కడి ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని చూపింది. వాగు పేరు అదే. వాగును గురించిన కవిసమయం కూడా అదే ఉండగలదా? గోరటి వెంకన్న 2002లో ‘కుబుసం’ చిత్రానికి ఇచ్చిన పాట చేతివృత్తులు కూలిన పల్లెను కమ్మరి, కుమ్మరి, సాలెల పనిముట్లతో సహా చూపింది. అది వట్టి వలపోత కాదు. కారణాన్ని వేలెత్తి చూపిన పాట. దాని వెంట వచ్చిన అనుకరణల్లో మాత్రం పల్లె అన్నిచోట్లా ఒకే పల్లెగా మారింది. నక్కవాగు ఒడ్డున భూమి కోల్పోయి అదే ఫ్యాక్టరీ గేటు దగ్గర కాంట్రాక్టు కూలీగా నిలబడిన రైతుకు, ఆ ఏడ్చే పల్లెలో చోటెక్కడ?

రాష్ట్రోద్యమ కాలపు ‘ధూంధాం’ వేదిక ఈ విషయంలో మరో మలుపు. 2002లో కామారెడ్డిలో మొదలైన ఆ వేదికలపై పాటకు ఎదుటి మనిషి స్పష్టంగా ఉండేవాడు: నిర్ణయం తీసుకోని ప్రభుత్వం ఒకవైపు, తటపటాయించే ప్రేక్షకుడు మరోవైపు. రాష్ట్రం వచ్చాక తెలంగాణ సాంస్కృతిక సారథిలో 500 మందికి పైగా కళాకారులు ప్రభుత్వ వేతనంపై చేరి సంక్షేమ పథకాలను గురించి పాడారు. కళాకారుడికి నెలజీతం రావడాన్ని తప్పుపట్టడం విమర్శకునికి తగదు. ఆకలితో పాడితేనే నిజమైన పాట అనే వాదన, నెల తిరిగేసరికి జీతం అందుకునేవారి నోట అంత శోభించదు. కానీ అదే దప్పు, అదే గొంగడి, అదే గజ్జె ఉండగా, ఎవరిని నిలదీయడానికి ఆ రూపం పుట్టిందో వారి మాటనే వినిపించవలసి వచ్చినప్పుడు రూపానికీ పనికీ మధ్య ఏర్పడిన ఎడాన్ని పేర్కొనడం విమర్శ బాధ్యత.

ఆ బాధ్యతను విమర్శ ఎంతవరకు నెరవేర్చింది? బిరుదురాజు రామరాజు తరం జానపద గేయాలను సేకరించి, వర్గీకరించి, వాటికి శాస్త్రగౌరవం తెచ్చింది. జయధీర్ తిరుమలరావు సాయుధ పోరాట ప్రజాసాహిత్యాన్ని వెలికితీశారు. ఈ పునాదిపై వెలువడుతున్న వ్యాసాల్లో ‘మట్టి వాసన’, ‘ఆత్మగౌరవ గొంతుక’, ‘శ్రమజీవుల గుండెచప్పుడు’ అనే మాటలు ముగ్గురు నలుగురు వాగ్గేయకారుల్లో ఎవరికైనా అతుకుతాయి. ఒక వ్యాసంలో కవి పేరు మార్చి, ఉదాహరించిన చరణాలు మార్చితే మిగతా వాక్యాలు చెక్కుచెదరకుండా నిలిస్తే, ఆ వ్యాసం ఆ పాటను వినలేదన్నమాట.

దీనికి తరచుగా వినిపించే సమాధానం ఒకటుంది. ఇంతకాలం సాహిత్యచరిత్ర పట్టించుకోని వర్గాల పాట ఇది, ముందు గౌరవం దక్కనివ్వాలి, తూకం తర్వాత వేయవచ్చు అని. ఈ మాటలో నిజం ఉంది. పాటను మార్గకవిత్వపు కొలతలతో కొలిచి తక్కువచేసిన చరిత్ర మరచిపోదగ్గది కాదు. అయినా దశాబ్దాలు గడిచాక కూడా తూకం వాయిదా వేయడం గౌరవమేనా? ప్రబంధకవి పద్యంలో యతిస్థానం దగ్గర వ్యర్థపదాన్ని పట్టుకునే పండితుడు, వాగ్గేయకారుని చరణంలో అలవాటుగా దొర్లిన మాటను చూసీ చూడనట్టు పోతే, ఆ ఇద్దరిలో ఎవరిని సాటి కవిగా చూసినట్టు? మినహాయింపు కూడా ఒక రకం చిన్నచూపే.

2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ రంగ కర్మాగారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు మరణించారు. వారిలో ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చినవారు ఎందరో ఉన్నారు. అమరుని తల్లి ముందు నిలబడి పాడటం తెలంగాణ పాటకు బాగా తెలిసిన పని. ఆ తల్లిని పిలిచే పిలుపులోనే సగం పాట ఉంటుంది. ఇక్కడ ఆ తల్లి బాలాసోర్ వైపో, ఛప్రా వైపో ఉంటుంది. ఆమెకు తెలుగు రాదు. ఆమె కొడుకు అద్దెగదిలో పక్కమంచం మీద పడుకున్న స్థానిక కార్మికుడికి తెలుగు వచ్చు. ఈ పాట వారిద్దరిలో ఎవరిని, ఏ వరుసలో, ఏ మాటతో పిలవాలన్నది ఇప్పుడు కట్టేవారి ముందున్న చిక్కు. కట్టాక, అందులో అలవాటు మాట ఏదో, ఆ తల్లి కోసం వెతికి వేసిన మాట ఏదో విడదీసి చెప్పవలసిన పని విశ్వవిద్యాలయాల్లోని వారిది.