చిత్రకారుని విశ్వాసం – చిత్రం పవిత్రత: బర్న్-జోన్స్ రంగుటద్దాల కిటికీలు

విక్టోరియన్ యుగపు ఆంగ్ల చిత్రకారుడు ఎడ్వర్డ్ బర్న్-జోన్స్ (1833–1898) మతాచార్యుడు కావాలన్న సంకల్పంతో 1853లో ఆక్స్‌ఫర్డులో చేరాడు. అక్కడ విలియం మారిస్ అతనికి సహాధ్యాయి. 1855లో ఫ్రాన్సులోని కెథడ్రళ్లను చూసిన తరువాత ఇద్దరూ ఆ సంకల్పాన్ని విడిచి కళామార్గం పట్టారు. ఆపై బర్న్-జోన్స్ ఒకవైపు పెర్సియస్, పిగ్మాలియన్ వంటి గ్రీకు పురాణగాథలను చిత్రిస్తూ, మరొకవైపు చర్చి కిటికీలకు క్రీస్తు జీవితఘట్టాలను రూపొందించాడు. మతాచార్య పదవిని కాదనుకున్నవాడు ఆరాధకులు తలయెత్తి చూసే మూర్తిని గీయడం నైతికంగా సమంజసమేనా? పవిత్రచిత్రానికి చిత్రకారుని విశ్వాసమే ప్రమాణమా?

పెర్సియస్‌ను గీసినవాడు గ్రీకు దేవతలను నమ్మాడా అని మనం అడగం. ఆ చిత్రాల విషయంలో నాటి సమాజపు అభ్యంతరం వేరు. 1870లో 'ఫిల్లిస్ – డెమోఫోయన్' చిత్రంలోని నగ్నత విమర్శకు గురికాగా, అతడు ఆ చిత్రాన్ని ప్రదర్శన నుండి తొలగించి జలవర్ణ చిత్రకారుల సంఘానికి రాజీనామా చేశాడు. ప్రదర్శనశాలలో ప్రశ్న కనిపించే దేహం గురించి. చర్చిలో ప్రశ్న కనిపించని మనస్సు గురించి. కనుక విశ్వాసాన్ని కోరుతున్నది కథావస్తువు కాదు, చిత్రం నెలకొన్న స్థలం, దాని వినియోగం.

అయితే ఎవరి విశ్వాసం? బర్న్-జోన్స్ నమూనా గీసేవాడు. రంగులను చాలావరకు మారిస్ నిర్ణయించేవాడు. అద్దాన్ని కోసినవారు, ముఖరేఖలు దిద్దినవారు, కొలిమిలో కాల్చినవారు, సీసపు పట్టీలతో ముక్కలను కూర్చినవారు వేరు. బర్మింగ్‌హామ్‌లోని సెయింట్ ఫిలిప్స్ చర్చిలో క్రీస్తు ఆరోహణం (1885), జననం, సిలువ (1887), అంతిమ తీర్పు (1897) ఇలా పలువురి చేతుల మీదుగా వెలసినవే. ఒక్కరి అంతరంగాన్ని ప్రమాణంగా తీసుకుంటే ఈ సమష్టి కృషికి న్యాయం జరగదు.

రసానికి ఆశ్రయం సహృదయుడేనన్న అభినవగుప్తుని సిద్ధాంతం ఇక్కడ కొంతవరకు ఉపకరిస్తుంది. కాని ఆరాధకుడు కేవలం సహృదయుడు కాడు. అతడు ఆస్వాదించి ఊరుకోడు, ప్రార్థిస్తాడు. అందువల్ల అతని పట్ల శిల్పికి అదనపు బాధ్యత ఉంటుంది. అది మతప్రకటన కానక్కరలేదు. 1877లో ప్రాచీన కట్టడాల పరిరక్షణ సంఘాన్ని స్థాపించిన మారిస్, పునరుద్ధరణకు లోనవుతున్న ప్రాచీన చర్చిలకు తమ సంస్థ ఇకపై సాధారణంగా కొత్త కిటికీలు సమకూర్చబోదని ప్రకటించాడు. ఆదాయాన్ని వదులుకుని చేసిన ఈ నిరాకరణకు మూలం పాత కట్టడం పట్ల గౌరవం.

విశ్వాసం పరీక్షకు అందదు, బాధ్యత అందుతుంది. పనితనంలో, స్థలౌచిత్యంలో, నిరాకరణలో అది కనిపిస్తుంది. పవిత్రచిత్రం విషయంలో చిత్తశుద్ధిని శిల్పి ఏమి నమ్మాడన్న దానితో కాక, నమ్మి వచ్చినవారి పట్ల ఎలా వ్యవహరించాడన్న దానితో నిర్ణయించడమే సమంజసం.