బాల్యమునకు లెక్క చెప్పవలెను

మైనరునకు విడిగా సంక్రమించిన భూమి గుంటెడేయైనను, న్యాయస్థానము అనుమతి లేనిదే దానిని విక్రయించుటకు కన్నతండ్రికైనను అధికారము లేదు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టములోని 8వ విభాగము ఇట్లు శాసించుచున్నది. అట్టి యనుమతికై అర్జీలు వ్రాయునపుడెల్ల మాకొక సందేహము కలుగుచుండును. గుంటెడు భూమికి ఇంత కాపుదల యుండగా, ఆ బిడ్డ నిద్రకును, ఆటకును కాపుదల యేది? వానిని మనము ప్రతిదినము అమ్ముచు ఎవ్వరి యనుమతి నడుగుచున్నాము?

బిడ్డ మన సొత్తా, లేక మన కడ నుంచబడిన నిక్షేపమా? సొత్తని తలచువాడు తన కీర్తికొరకు పెంచును. నిక్షేపమని తలచువాడు బిడ్డ క్షేమముకొరకు పెంచును.

ఆ క్షేమమేదో తెలియరానిది కాదు. మొదటి ఆరు మాసములు తల్లిపాలు మాత్రమే చాలును. తరువాత పాలతోపాటు మెత్తని ఆహార మీయవలెను. ఏడాది నిండని శిశువునకు సెల్‌ఫోను చూపనే రాదనియు, మూడు నాలుగేండ్ల బిడ్డకు దినమునకు 10 మొదలు 13 గంటల నిద్ర వలయుననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తెలిపినది. అయిదేండ్లు మొదలు పదునేడేండ్ల వరకు దినమునకు సగటున 60 నిమిషములైనను దేహమునకు చురుకైన కదలిక యుండవలెను. యౌవనోదయమున దేహమందు కలుగు మార్పులను కుమార్తెకును, కుమారునకును సిగ్గు విడిచి, ఆదరముతో బోధింపవలెను.

నారాయణగూడలో నేటికిని మాడపాటి హనుమంతరావు పంతులుగారి పేర బాలికల పాఠశాల కలదు. ఉన్నతవిద్య ఉర్దూలో సాగుచున్న నైజాము రాజ్యములో, 1928లో, బాలికలకు మాతృభాషయందే చదువు చెప్పుటకు ఆ పాఠశాల పుట్టినది. బిడ్డకు తగినట్లు చదువును మలచుటయే ఆ పెద్దల ఉద్దేశము. నేడు మనము చదువునకు తగినట్లు బిడ్డను మలచుచున్నాము.

‘పరీక్షలే పేదవానికి దిక్కు, గారాబము చేసిన బిడ్డ చెడును’ అని కొందరందురు. ఈ మాట త్రోసివేయదగినది కాదు. చిక్కడపల్లి గ్రంథాలయములోను, అశోక్‌నగరు శిక్షణాలయములలోను ఉద్యోగపరీక్షలకై రేయింబవళ్లు చదువు యువకులను చూచి మేము గౌరవించుచున్నాము. కాని వారు వయసు వచ్చి తమంత తాము పూనినవారు. ఆ శ్రమనే పదేండ్ల బాలునిపై మోపుట న్యాయమా? తాను పూనినది దీక్ష. తనపై మోపబడినది వెట్టి. వెట్టి నెదిరించిన తెలంగాణమున దానిని ఇంటిలో నిలుపుకొందుమా?

మేమును ఈ దోషమునకు వెలుపల లేము. ఒక సాయంత్రము మా చిన్నవాడు పుస్తకమునుండి తలయెత్తి, ‘ఈ పరీక్ష అయిపోతే ఆడుకోవచ్చునా, నాన్నా?’ అని యడిగెను. ఆ పరీక్ష వెనుక మరియొక పరీక్ష కలదని మేమెరుగుదుము. వాదించుట మా వృత్తి. ఆ యర్జీకి మాత్రము ప్రత్యుత్తరము దొరకలేదు. పుస్తకము మూసి, వానిని వీథిలోనికి పంపితిమి.

ప్రతిగృహమందును సాయంకాలము ఒక గంట ఆటయు, రాత్రి కడుపునిండ నిద్రయు అమ్మరాని ఆస్తులని పెద్దలు నిశ్చయించుకొనవలెను. పదునెనిమిదేండ్లు నిండిన దినమున సంరక్షకుని అధికారము ముగియును. నాడు బిడ్డ మనల లెక్క యడుగకపోవచ్చును. మన యంతరాత్మ యడుగక మానదు.