నొప్పి లేని శిక్ష

మాది చంద్రపూర్ జిల్లా బల్లార్షా. బొగ్గు గనిలో పనికని నాన్న కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ఫిజియోథెరపిస్టును. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా కుష్ఠు తగ్గాక వంకర్లు పోయిన చేతులే. ఆ చేతుల మాట వస్తే మా ఇంట్లో ఒకటే అంటారు: "ఏ జన్మలో ఏం పాపం చేసిండో!" చదువుకున్న మా బావ కూడా అంటాడు, కాకపోతే గొంతు తగ్గించి.

పాపానికి శిక్షంటే బాధ ఉండాలి కదా. కానీ 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనిపెట్టిన కుష్ఠు క్రిమి నరాల్లో చేరి నొప్పినే తీసేస్తుంది. పొయ్యి మీది గిన్నెను వట్టి చేత్తో దించినా కాలినట్టు తెలియదు. చెప్పులోంచి మేకు దిగినా పొద్దుగూకే దాకా నడుస్తూనే ఉంటారు. వేళ్లను క్రిమి తినదు. పట్టించుకోని పుండ్లు ముదిరి ముదిరి వేళ్లు అరిగిపోతాయి. అందుకే మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు (ఎంసీఆర్) చెప్పులు తొడిగించడం, రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోమని పోరడం, నా ఉద్యోగంలో సగం ఇదే. నొప్పి పోవడమే ఇంత కీడు చేస్తుంటే, నొప్పిని శిక్షగా లెక్కగట్టే చిట్టా ఎవరిది? కర్మను నేను కాదనను. అది నన్ను నేను తూచుకోవడానికి. ఎదుటివాడి చెయ్యి చూసి వాడి గతం చెప్పడానికి కాదు.

పుణ్యం సంగతి మరీ ఇబ్బంది. చైత్రంలో చంద్రపూర్ మహాకాళి జాతరలో, కుష్ఠుతో అడుక్కునేవాళ్ల పళ్లెంలో రూపాయి బిళ్లను పైనుంచే వదులుతారు, చెయ్యి తగలకుండా. వాళ్లు అక్కడ కూర్చోవడం మానేస్తే మన పుణ్యానికి దారేది?

ఈ జిల్లాలోనే, వరోరాలో, బాబా ఆమ్టే ఆ బేరాన్ని తలకిందులు చేశాడు. వానలో పడివున్న రోగిని చూసి భయపడి పారిపోయి, ఆ భయం మీద కోపంతో వెనక్కి వెళ్లిన లాయరు ఆయన. 1949లో మహారోగి సేవా సమితి పెట్టాడు. రాళ్ల నేలలో రోగులే బావులు తవ్వారు, పంటలు పండించారు, మగ్గాలపై బట్టలు నేశారు. తర్వాత చూపులేనివాళ్లకు, వినపడనివాళ్లకు కూడా అలా వెలిసిన ఆనందవన్ అనే ఊళ్లో చోటు దొరికింది. ఊరి పిల్లలు చదివే కాలేజీ కూడా అక్కడ లేచింది. బిళ్లలు పుచ్చుకోవలసినవాళ్లు ఊరికి చదువు పెట్టారు! మతరంగంలో పేరున్న టెంపుల్టన్ బహుమతి 1990లో ఆయనకు రావడం నాకు సబబుగానే తోస్తుంది.

అయినా ఆనందవన్ వేరుగా కట్టుకున్న ఊరే. మన వీధుల్లో చోటు లేకనే అది పుట్టింది. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే వీలును చట్టం 2019లో గాని తీసేయలేదు. దేశంలో 2005 చివరికి కుష్ఠు ప్రజారోగ్య సమస్యగా లేకుండా పోయిందని ప్రకటించారు. అయినా ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసుల్లో సగానికి పైగా ఇప్పటికీ ఇక్కడివే. రోగం ఉందని చెప్పుకోవడానికి సిగ్గుపడి, చెయ్యి వంగిపోయాక వచ్చేవాళ్లను నేను చూస్తూనే ఉన్నాను.

ఒంటి మీద పాలిపోయిన మచ్చ కనిపించి, దానిమీద స్పర్శ తెలియకపోతే, ఏ జన్మ లెక్కా తీయకుండా దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. ఆరు నెలలో, ఏడాదో మందు వాడాలి. మందు ఉచితం.