అడగలేని ప్రాణి, అడగాల్సిన మనిషి

ఇంటి చాకిరీని నిరాకరించే హక్కు మనకుందని స్త్రీవాదం నేర్పింది. తిన్న కంచం ఎత్తని మగవాడితో "ఇక నేనెత్తను" అనడానికి మన ముందుతరాల ఆడవాళ్లు ఎంత పెనుగులాడారో మనకు తెలుసు. ఎదుటివాడికీ చేతులున్నాయి, కావాలంటే ఎత్తుకోగలడు అన్నదే ఆ మాటకున్న బలం. మరి ఎదురుగా ఉన్నది ఆ మాట వినలేని, విన్నా తనకు తాను ఏమీ చేసుకోలేని ప్రాణి అయితే? వనపర్తిలో మా ముందుగదిలో ఉన్న 20 లీటర్ల అక్వేరియం రెండేళ్లుగా నన్ను ఈ ప్రశ్న అడుగుతోంది.

తొట్టి మా అబ్బాయిది. హైదరాబాద్‌లో కొన్న పది ఎర్ర రొయ్యల్ని తెచ్చి అందులో వదిలాడు. ఏడాది తిరక్కుండానే ఇంజనీరింగ్ చదవడానికి అదే హైదరాబాద్ వెళ్లిపోయాడు. పోతూ పోతూ "ఎలాగూ నువ్వు చూసుకుంటావు కదమ్మా" అన్నాడు. ఈ "ఎలాగూ" మనందరికీ పరిచయమే. అత్తగారి మందులు, గ్యాస్ బుకింగ్, తులసికోటకు నీళ్లు... అన్నీ దాని కిందికే వస్తాయి.

వీటిని చెర్రీ ష్రింప్ అంటారు. మంచినీళ్లలో బతికే అంగుళం పొడవు రొయ్యలు. పుట్టిల్లు తైవాన్, తూర్పు చైనా వాగులు. అక్కడ ఇవి నీటి అడుగు మట్టిలో కలిసిపోయే రంగులో ఉంటాయి. ఈ ఎరుపు, మనుషులు తరతరాలుగా ఏరి ఏరి పెంచి రప్పించుకున్నది. మగదాని కంటే ఆడదానికే ఎరుపు చిక్కన. ఎరుపును బట్టే ధర. గుడ్లను పొట్ట కింద పెట్టుకుని, వాటికి గాలి ఆడేలా మూడు నాలుగు వారాలు చిన్న కాళ్లతో విసురుతూనే ఉంటుంది. చూస్తే మాతృత్వం మీద కవిత రాయబుద్ధవుతుంది. మనం మోసిన ఆ బరువును దీని మీద కూడా పెట్టడం నాకిష్టం లేదు.

వీటిని బతికించడంలో చాలాభాగం కంటికి కనపడని పని. మిగిలిన మేత, విసర్జన కుళ్లి అమ్మోనియా అవుతుంది. బాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత ప్రమాదం లేని నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త తొట్టిలో ఆ బాక్టీరియా కుదురుకోవడానికే నెల పైన పడుతుంది. కుళాయి నీళ్లలో క్లోరిన్ పోయేదాకా తొట్టిలో పొయ్యకూడదు. ఆవిరైన నీటి బదులు బోరునీళ్లు పోస్తూ పోతే ఉప్పులు పేరుకుంటాయి. అందుకని వాననీళ్లు పట్టి ఉంచుతాను. నీళ్లు ఒక్కసారిగా మార్చినా తట్టుకోలేవు. వారానికి రెండు లీటర్లు, అదీ నిదానంగా. పాలమూరు ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో నీటి మీదికి ఫ్యాన్ తిప్పి పెట్టాలి. కరెంటు పోతే ఫ్యానూ ఆగుతుంది, ఫిల్టరూ ఆగుతుంది. ఇంటికొచ్చిన వాళ్లు మాత్రం "చిటికెడు మేత వేస్తే చాలట కదా" అంటారు. వంటింటి గురించి కూడా ఇలాగే అంటారు.

నాగర్‌కర్నూల్‌లో మా అమ్మ రాగిబిందెలో నిలవపెట్టిన నీళ్లే తాగుతుంది, ఒంటికి మంచిదని. ఆ రాగి ఈ రొయ్యలకు విషం. విచిత్రమేమంటే వాటి రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థంలో ఉన్నది రాగే. ఒంట్లో ఉంటే ఊపిరయ్యేది నీళ్లలో కరిగితే ప్రాణం తీస్తుంది. మనకు మంచిదని తోచింది ఎదుటివాళ్లకు పోసేముందు వాళ్లకేది మంచిదో తెలుసుకోవాలి. "నీ మంచికే చెప్తున్నా" అన్న మాట వింటూ పెరిగిన ఆడపిల్లలకు దీన్ని వివరించనక్కర్లేదు.

వనపర్తి నుంచి ఆత్మకూరు మీదుగా గద్వాల వెళ్తుంటే కృష్ణ మీద జూరాల డ్యామ్ వస్తుంది. అక్కడ చేపలు వేయించి అమ్మేచోట ఆగి నేనూ తింటాను. ఒకసారి అక్కడి ఒకామెతో మాటల్లో మా రొయ్యల సంగతి వచ్చింది. నవ్వుతుందనుకున్నాను.

"సంపుడు ఒక్క గడియ పని మేడమ్. సాకుడే దినాం పని. ఎవలు సాకుతున్రు, నువ్వేనా?" అంది.

రొయ్యలకు బాధ తెలుస్తుందా అన్నది తత్వవేత్తలు, శాస్త్రవేత్తలు అడుగుతున్న ప్రశ్న. 2022లో బ్రిటన్ చేసిన చట్టం తెలుస్తుందనే లెక్కలోకి తీసుకుంది. ఎవరు సాకుతున్నారన్నది ఆమె ప్రశ్న. నాకు రెండూ కావాలి.

నెల్ నాడింగ్స్ 1984లో రాసిన 'కేరింగ్'లో, సంరక్షణ పొందేవాళ్ల స్పందనతోనే ఆ సంబంధం పూర్తవుతుందంటుంది. అందుకే జంతువుల పట్ల మన బాధ్యతకు హద్దు గీస్తుంది. నిజమే, ఈ రొయ్యలకు నేనెవరో తెలియదు. కానీ వీటిని గాజుతొట్టిలో పెట్టింది మనుషులు. వాగులో తిరిగే రొయ్యకు పూట పూటా నీళ్లు చూడాల్సిన బాకీ నాకు లేదు. తొట్టిలో ఉన్నదానికి ఉంది. బందీని చేసినప్పుడే ఆ బాకీ పుట్టింది. మన దేశంలో 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం మనిషి తప్ప ప్రతి ప్రాణినీ జంతువుగానే లెక్కిస్తుంది. అది ఎవరి సంరక్షణలో ఉంటే క్షేమం చూడాల్సిన బాధ్యత వాళ్లదే అంటుంది. అంటే ఇప్పుడు నాది. ఒప్పుకుంటాను.

అయితే లెక్క అక్కడితో తీరదు. ఎవా కిటే 1999లో రాసిన 'లవ్స్ లేబర్'లో, తమంతట తాము బతకలేని వాళ్లను చూసుకునే మనిషికి చుట్టూ ఉన్న సమాజం బాకీపడి ఉంటుందని వాదిస్తుంది. నేను రొయ్యకు బాకీ. నాకు బాకీపడ్డవాడు వేరే ఉన్నాడు. ఈ రెండు బాకీల్నీ కలిపేసి, మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని ఎగ్గొట్టడం పాత ఎత్తుగడ. 2023 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ వర్కర్లు, హెల్పర్లు జీతాల కోసం సమ్మెకు దిగారు. 2024 జనవరిలో ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. పసిపిల్లల తిండి అత్యవసర సేవే, కాదనను. అంత అత్యవసరమైన పనికి ఇచ్చే జీతం గురించి అడిగినప్పుడు మాత్రం పిల్లల్నే అడ్డం పెట్టడం ఏం న్యాయం?

కాబట్టి నా నిరాకరణను ఎటు తిప్పాలో తేల్చుకున్నాను. నీళ్లు మార్చడం మానను. రొయ్య ప్రాణాన్ని మా బేరంలో పణంగా పెట్టను. మానేది ఆ "ఎలాగూ"ను భరించడం. ఎన్ని గంటలు పడుతోందో రాసి మా అబ్బాయి చేతికిచ్చాను. నెలకొకసారి వచ్చినప్పుడు ఫిల్టర్ కడగడం, నాచు గీకడం, వాననీళ్ల డబ్బాలు మొయ్యడం వాడి పని. నన్నడక్కుండా ఇంకో ప్రాణిని ఇంట్లోకి తేకూడదు. వాడు రాని నెలలున్నాయి. ఆ నెలల్లో పని నేనే చేస్తాను, బాకీ వాడి పేరనే రాస్తాను. తీరుస్తాడో లేదో తెలియదు. రొయ్యకు నోరు లేదు కాబట్టి దాని తరఫున నేను పని చెయ్యాలి. నాకు నోరుంది కాబట్టి నా తరఫున అడగాలి. మొదటిది చేస్తున్నానని రెండోది వదులుకోను.