తారు మెట్ల మీద ఒక చెప్పు

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఒక ఇల్లు. బేస్‌మెంట్‌లోకి దిగే మెట్ల మధ్య మేనకోడలు ఒంటికాలి మీద నిలబడి ఉంది. కింద కుర్చీలో మేనత్త బత్తాయి ఒలుస్తోంది. కోడలు ఊళ్లోని ఔత్సాహిక నాటక బృందంలో సిండరెల్లా వేషం వేస్తోంది. అత్త ముప్పై ఏళ్లు కూచిపూడి నేర్పి, ఈ వేసవికి తమ్ముడింటికి వచ్చింది.

ఆడబోయే నాటకం 'ఇన్‌టు ది వుడ్స్'. జేమ్స్ లాపైన్ రాసిన కథకు స్టీఫెన్ సోండ్‌హైమ్ పాటలు కట్టాడు. 1986లో శాన్ డియెగోలో మొదలై, 1987 నవంబరులో బ్రాడ్‌వే చేరి, 765 ప్రదర్శనలు ఆడింది. సిండరెల్లా, రపుంజెల్, చిక్కుడు తీగెక్కిన జాక్, ఎర్ర టోపీ పిల్ల అందరూ ఒకే అడవిలో తగులుకుంటారు. మొదటి అంకంలో అందరి కోరికలూ తీరతాయి. రెండో అంకంలో వాటి బాకీ వసూలవుతుంది.

"కోట మెట్ల మీద సిండరెల్లా పాడే పాట దగ్గరే అత్తా, ముందుకు పోలేకపోతున్నాను. 'ఈ క్షణంలో నీకేం కావాలి? ఒక్క ముక్కలో చెప్పు' అన్నాడు డైరెక్టర్. నోరు పెగల్లేదు."

"చెప్పడానికేముందే? పన్నెండు కొడితే బండి కాస్తా గుమ్మడికాయ అవుతుంది. పరిగెత్తింది, చెప్పు జారింది."

"అది ఫ్రాన్సు కథ. 1697లో పెరో రాసింది. గాజు చెప్పు, గుమ్మడికాయ, గడియారం అన్నీ ఆయనవే. ఈ నాటకంలోని సిండరెల్లాకు ఆధారం గ్రిమ్ సోదరుల జర్మన్ కథ."

గ్రిమ్ కథలో దేవతా లేదు, గడువూ లేదు. తల్లి సమాధి మీద మొలిచిన చెట్టు, దాని మీద వాలే పక్షి ఆ పిల్లకు బట్టలిస్తాయి. మూడు రాత్రుల పండగ. మూడు రాత్రులూ ఆమె యువరాజుతో ఆడి, చివర పారిపోతుంది. మొదటి రాత్రి పావురాల గూట్లో దూరుతుంది. రెండో రాత్రి పియర్ చెట్టెక్కుతుంది. మూడో రాత్రికి యువరాజు తెలివి మీరి మెట్లకు తారు పూయిస్తాడు. ఎడమ కాలి బంగారు చెప్పు అంటుకుపోతుంది. ఎందుకు పారిపోయిందో మాత్రం కథ చెప్పదు.

అత్త చేతిలో తొన అలాగే ఉండిపోయింది. "గడియారం తీసేసరికి కారణం కూడా పోయిందన్నమాట."

ఆ ఖాళీని రంగస్థలం తలో రకంగా పూడ్చుకుంది. 1817లో రోమ్‌లో తొలిసారి ఆడిన రొస్సీని ఒపెరా 'లా చెనెరెంతోలా'లో చెప్పే లేదు. నాయిక తన కంకణాల జతలో ఒకటి అతని చేతిలో పెట్టి, రెండోదాన్ని వెతుక్కుంటూ రమ్మంటుంది. రాడ్జర్స్, హామర్‌స్టీన్‌ల 'సిండరెల్లా' 1957లో జూలీ ఆండ్రూస్‌తో టీవీ కోసం పుట్టింది. దాన్ని 2013లో కొత్త మాటలతో బ్రాడ్‌వేకు తెచ్చినప్పుడు, మొదటిసారి జారిన చెప్పును ఆమే వెనక్కొచ్చి ఎత్తుకుపోతుంది. రెండోసారి కావాలనే వదులుతుంది. ఈ ఇద్దరికీ ఏం కావాలో స్పష్టంగా తెలుసు. నటికి పని సులువు.

"మరి నీ సిండరెల్లా?"

"నా సిండరెల్లాకే తెలీదు. ఇంట్లో నరకమే గానీ అలవాటైన నరకం. కోట బాగుందిగానీ కొత్త. తను ఎవరో తెలిస్తే అతను ఉండమంటాడో లేదో. ఇలా తిప్పితిప్పి ఆలోచించి, ఏ నిర్ణయమూ చెయ్యకూడదని నిర్ణయించుకుంటుంది. చెప్పు వదిలేసి, ఇక నీ ఇష్టం అన్నట్టు ఇంటికి పోతుంది."

"తప్పించుకుందన్నమాట."

"కాదత్తా! జవాబు చెప్పే పని అతనికి అప్పజెప్పింది. అదీ ఒక ఎత్తే కదా?"

అత్త నవ్వింది. "మా కాలంలో పెళ్లిచూపులయ్యాక ప్రతి పిల్లా 'మీ ఇష్టం నాన్నా' అనేది. ఒకత్తెకు అది సరేననడం, ఇంకొకత్తెకు వద్దనడం, మరొకత్తెకు నిజంగానే తెలియకపోవడం. మాట ఒకటే. నేనూ అన్నాను. మూడింటిలో ఏదని ఇప్పుడడిగితే చెప్పలేను."

"అప్పుడు అడిగుంటే?"

"అప్పుడు ఏదో ఒకటి చెప్పేదాన్ని. అది నిజమని నేనూ నమ్మేదాన్ని."

కోడలు మెట్టు మీద కూలబడింది. నాటకంలో ఈ పాట వచ్చేసరికే చెప్పు పోయింది. జరిగినదాన్ని సిండరెల్లా తర్వాత నెమరేసుకుంటుంది. 2014 సినిమాలో ఆనా కెండ్రిక్ పాడేటప్పుడు మాత్రం కాలం ఆగిపోతుంది. పాట మాటల్ని వర్తమానంలోకి మార్చారు, నిర్ణయం మన కళ్ల ముందే జరుగుతుంది. చిన్న వ్యాకరణపు మార్పే గానీ నటికి రెండూ వేరే పాత్రలు. సినిమా పిల్ల కారణాలు వెతుక్కుంటోంది. నాటకం పిల్ల, చేసిన పనికి కారణాలు అల్లుకుంటూ ఉండొచ్చు.

మనుషులు అలా అల్లుకుంటారని చూపిన ప్రయోగం ఒకటి కోడలు కాలేజీలో చదివింది. 1977లో నిస్బెట్, విల్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన వ్యాసంలో ఉందది. నాలుగు జతల నైలాన్ మేజోళ్లు వరసగా పెట్టి, మేలైనదేదో చెప్పమన్నారు. నాలుగూ ఒకే రకం. అయినా మిగతావాటన్నిటి కంటే కుడి చివరిదాన్నే ఎక్కువమంది ఎంచారు. ఎందుకంటే నేత బాగుందనీ, నాణ్యం ఉందనీ చెప్పారు. కుడివైపు ఉండటం వల్లేమోనంటే కాదు పొమ్మన్నారు.

"దానికి మేజోళ్లెందుకు? చీరల కొట్టుకు రమ్మనాల్సింది," అంది అత్త.

"సిండరెల్లాకే తెలీనిది నేనెలా నటించను? 'ఏమో' అన్న మొహం పెట్టుకు నిలబడితే, పిల్ల పాట మర్చిపోయిందనుకుంటారు."

ఇది నిజమైన చిక్కే. రష్యన్ నాటక గురువు స్తానిస్లావ్‌స్కీ బాటలో నేర్చిన నటులకు ప్రతి ఘట్టంలోనూ పాత్ర సాధించదలచినది ఒకటి ఉండాలి. అది లేకపోతే ఒళ్లు కదలదు.

అత్త చేతులు తుడుచుకుని లేచింది. నాట్యశాస్త్రంలో భరతుడు లెక్కపెట్టిన ముప్పై మూడు వ్యభిచారి భావాల్లో, అంటే వచ్చిపోయే భావాల్లో, వితర్కం ఒకటని చెప్పింది. అటా ఇటా అని మనసులో తూచుకోవడం. దానికి తల కదలిక, కనుబొమల ఎగరవేత ఉన్నాయి. అంటే సందేహం కూడా ఒంటితో చేసే పనే. "భామాకలాపంలో సత్యభామ ఉంది చూడు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు ఆ వేషం కడితే, కృష్ణుడి మీద కోపం, బెంగ, గీర ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. ఏదీ సగం సగం కాదు. కోపం వచ్చినప్పుడు పూర్తిగా కోపమే. మరుక్షణం పూర్తిగా బెంగ. ఆమె మనసు తేలలేదని మనకు తెలిసేది ఆ మార్పులోనే. మొహంలో మసక ఎక్కడా ఉండదు."

"అంటే ఇంటికి పోదామనుకున్నప్పుడు నిజంగా పోదామనే..."

"పోవాలి. ఒక మెట్టు దిగాలి. ఉండిపోదామనుకుంటే ఎక్కాలి."

"కాలు తారులో అంటుకుపోయింది కదత్తా!"

"అదే మరి. ఒళ్లు రెండు వైపులా లాగాలి, కాలు ఒక్కచోటే ఉండాలి."

కోడలు లేచి ప్రయత్నించింది. మాట మీద మాట పడే పాట అది, ఊపిరి తీసుకునే సందు తక్కువ. రెండోసారికి ఆయాసం వచ్చింది. ఇంకో గుబులూ పట్టుకుంది. రెండో అంకంలో ఆ యువరాజు రొట్టెల వ్యాపారి పెళ్లాంతో తిరుగుతాడు. సిండరెల్లా అతన్ని వదిలేస్తుంది. ఆ సంగతి నటికి తెలుసు, పాత్రకు తెలీదు. మెట్ల మీద ఆ నీడ పడాలా?

"పడకూడదు," అంది అత్త. ఒక క్షణం ఆగి, "ఏమో, మూడు రాత్రులు పారిపోయింది కదా. ఆ పిల్ల అతనిలో ఏం చూసిందో" అంది.

కోడలు జవాబు చెప్పలేదు. ఎడమ కాలి హవాయి చెప్పును ఆరో మెట్టు మీద వదిలి, మళ్లీ పై మెట్టు నుంచి మొదలుపెట్టింది. అత్త కుర్చీని మెట్లకు ఎదురుగా జరుపుకుని, తాళం కోసం మోకాలి మీద చెయ్యి వేసింది.