మూర్ సిపాయి ఎవరి మనిషి?

స్పెయిన్ అంతర్యుద్ధం (1936-39) పేరెత్తగానే మన ప్రగతిశీల మిత్రుల కళ్లు మెరుస్తాయి. ఫాసిజంతో పోరాడటానికి దేశదేశాల నుంచి తరలివచ్చిన అంతర్జాతీయ దళాలు, కవి లోర్కా హత్య, పికాసో గీసిన గెర్నికా, 1938లో బార్సిలోనా దాకా వెళ్లి రిపబ్లిక్‌కి అండగా మాట్లాడిన నెహ్రూ. ఇవన్నీ మావి కూడా. కానీ ఆ చరిత్ర చదువుతూ ఒకచోట మేం ఆగిపోతాం. రిపబ్లిక్ మీద తిరగబడ్డ జనరల్ ఫ్రాంకో సైన్యంలో 60 వేల నుంచి 80 వేల మంది దాకా మొరాకో ముస్లింలున్నారని చరిత్రకారుల అంచనా. స్పెయిన్ జనం నోట వాళ్లు ‘మూర్‌లు’.

కల్మా చదివినవాళ్లు. ఫాసిస్టుల కోసం చంపినవాళ్లు. వాళ్లని మేం ఏమనాలి? ‘అసలు వాళ్లు ముస్లింలే కాదు’ అని దులుపుకుపోవడం ఒక దారి. ‘గరీబులు, ఏం చేస్తారు పాపం’ అని వెనకేసుకురావడం ఇంకో దారి. రెండూ మాకు మింగుడుపడటం లేదు.

ఎవరు వీళ్లు? ఉత్తర మొరాకోలో రిఫ్ అనే కొండప్రాంతం, దాని చుట్టుపక్కల పల్లెలు. 1912లో ఆ ముక్క స్పెయిన్ చేతికి పోయింది. స్థానిక ముస్లింలతో ‘రెగులారెస్’ అనే పటాలాలు కట్టడం అంతకు ముందు ఏడాదే మొదలైంది. 1921లో అబ్దుల్ కరీం నాయకత్వాన రిఫ్ జనం తిరగబడి అన్వాల్ దగ్గర స్పెయిన్ సైన్యాన్ని చిత్తుచేశారు. వేలమంది స్పానిష్ సైనికులు చచ్చిపోయారు. దానికి బదులుగా స్పెయిన్ రిఫ్ పల్లెల మీద విమానాల నుంచి విషవాయువు బాంబులు వేసింది. 1926లో అబ్దుల్ కరీం లొంగిపోయాడు. అదే ఏడాది, ఆ యుద్ధంలో చూపిన ప్రతాపానికి, 33 ఏళ్లకే ఫ్రాంకో జనరల్ అయ్యాడు. సేనాని ఎదిగింది రిఫ్ జనం శవాల మీద. పదేళ్లు తిరిగేసరికి అతనికి సైన్యమైందీ ఆ జనమే.

ఎందుకయ్యారు? పంటలు ఎండిపోయాయి. రెండు నెలల జీతం ముందే చేతిలో పెట్టారు. చక్కెర, నూనె, పిల్లల్ని బట్టి రొట్టెలు ఇచ్చారు. మీది నాస్తికుల మీద యుద్ధం అని చెప్పారు. 1937లో హజ్‌కి ఓడ కూడా ఏర్పాటు చేశాడు ఫ్రాంకో. అదే యుద్ధాన్ని 1936 సెప్టెంబర్‌లో సలమాంకా బిషప్ ‘క్రూసేడ్’ అన్నాడు. ముస్లిం సిపాయిలతో క్రూసేడ్! మొరాకోలో చేర్పించుకునేటప్పుడు అల్లా పేరు, స్పెయిన్‌లో దిగాక ఏసు పేరు. జీతం రాళ్లిచ్చిన దొరకి రెండు పేర్లూ పనికొచ్చాయి.

ఇంతవరకూ చెప్పి ఆగిపోతే మేం అబద్ధం చెప్పినట్టే. 1936 ఆగస్టులో కర్నల్ యాగ్వే నడిపిన దళాలు బదహోజ్ పట్టణంలో లొంగిపోయినవాళ్లని గుంపులు గుంపులుగా కాల్చేశాయి. ఆ దళాల్లో మొరాకో సిపాయిలున్నారు. సెప్టెంబర్‌లో టొలెడో ఆస్పత్రిలో మంచాల మీదున్న గాయపడ్డవాళ్లని చంపారు. ఊళ్లు దోచారు, ఆడవాళ్లని చెరిచారు. ఆకలి మనిషి చేతికి తుపాకి ఇవ్వగలదు. పట్టుబడ్డ ఆడమనిషి మీద చెయ్యి వెయ్యమని ఆకలి చెప్పదు. ఆ చెయ్యి ఆ మనిషిదే. పేదరికాన్ని మేం దానికి అడ్డం పెట్టం.

అయితే ఆ చేతి వెనక ఇంకో గొంతుంది. సెవిల్ రేడియోలో జనరల్ కేపో దె యానో కూచుని, మా మూర్‌లు వస్తున్నారు, మీ ఆడవాళ్ల సంగతి చూస్తారు అని బాహాటంగా బెదిరించేవాడు. మొరాకో సిపాయి అతనికి మనిషి కాదు, జనం మీదికి వదిలే భయం. పక్కనే నడిచిన విదేశీ దళంలో ఎక్కువమంది స్పానిష్‌వాళ్లే, వాళ్లూ అదే పని చేశారు. అది స్పానిష్ క్రైస్తవుల రక్తంలో ఉన్న గుణం అని ఎవరూ అనలేదు. మొరాకోవాడు చేస్తే మాత్రం ‘మూర్ బుద్ధి’ అయింది.

అలా అన్నది ఫ్రాంకో మనుషులే కాదు, మిత్రులారా. రిపబ్లిక్ పక్షాన 1937లో వేసిన ఒక ప్రసిద్ధ పోస్టర్ ఉంది. ఓడ మీద జనరల్, బిషప్, డబ్బున్న పెట్టుబడిదారు, వాళ్ల పక్కన మూర్ సిపాయిలు. జీతగాడిని యజమానుల వరసలో నిలబెట్టారు! అసలు స్పెయిన్ గడ్డ మీద మొరాకో సేనలతో కార్మికుల్ని అణచే దారి వేసింది కూడా రిపబ్లిక్ సర్కారే. 1934లో అస్తూరియాస్ గని కార్మికులు తిరగబడితే, అప్పుడు అధికారంలో ఉన్న మితవాద ప్రభుత్వం వాళ్ల మీదికి మొరాకో సేనల్ని దించింది.

1936లో మొరాకో జాతీయవాదులు బార్సిలోనా వచ్చారు. మా దేశానికి స్వాతంత్ర్యం ఇస్తామనండి, ఫ్రాంకో వెనకాల మేం తిరుగుబాటు లేవదీస్తాం అన్నారు. పక్కనే మొరాకోలో పెద్ద భాగం ఫ్రాన్స్ కింద ఉంది. ఫ్రాన్స్‌కి కోపం వస్తుందని రిపబ్లిక్ వెనక్కి తగ్గింది. నజాతీ సిద్ఖీ అనే పాలస్తీనా కమ్యూనిస్టు స్పెయిన్ వెళ్లి, అరబ్బీలో కరపత్రాలు రాసి, కందకాల దగ్గర నిలబడి మొరాకో సిపాయిల్ని ఇటు రమ్మని పిలిచాడు. వచ్చినవాళ్లకి ఇటువైపు ఏం పెట్టి ఉంచారు? ఫాసిజం అన్యాయమని చెప్పారు గానీ, వలస అన్యాయమని చెప్పలేకపోయారు.

నేరం చేసినవాడి పద్దు ఖౌమ్ ఖాతాలో రాయడం మాకు కొత్త సంగతి కాదు. రజాకార్లు ఊళ్ల మీద పడింది నిజం, దొరల గడీలకు అండగా నిలిచింది నిజం. షోయబుల్లాఖాన్‌ని 1948 ఆగస్టులో చంపింది వాళ్లే. మొరాకో సిపాయికీ రజాకార్‌కీ పోలిక పూర్తిగా కుదరదు. ఒకడు పరాయి రాజు కూలి, ఇంకొకడు తన రాజు పేరు మీద లేచినవాడు. కుదిరేది తర్వాతి కథ. కాశిం రజ్వీ జైలు నుంచి 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. 1948 సెప్టెంబర్ పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాతా సంస్థానంలో తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా. వాళ్లలో రజాకార్ తుపాకి ముట్టనివాళ్లు ఎందరో. ఇక ఆ పేరు తిట్టుగా మిగిలి, పరుపులు కుట్టుకునే దూదేకుల సాయిబుకీ తగులుతూనే ఉంది.

అందుకే బదహోజ్ గురించి మమ్మల్ని అడిగితే, చంపిన సిపాయిని పేరు పెట్టి అడగమంటాం. అతని పైన యాగ్వేని, కేపోని, ఫ్రాంకోని కూడా అడగమంటాం.

మా ఇంట్లోవాళ్లతోనూ ఒక పేచీ ఉంది. రిఫ్ నుంచి వచ్చిన ముహమ్మద్ బిన్ మిజ్జియాన్ ఫ్రాంకో సైన్యంలో జనరల్ అయ్యాడు, గలీసియా సేనాధిపతి అయ్యాడు, చివరికి 1970లో మొరాకో మార్షల్ కూడా అయ్యాడు. చూశారా, మనవాడు ఎంత ఎత్తుకి పోయాడో అని మురిసేవాళ్లు ఉంటారు. నవాబుల గొప్పలు చెప్పుకునే అలవాటు అది. ఆ ఎత్తులో సిపాయికి వాటా ఏముంది? బతికి ఊరు చేరినవాళ్లకి స్పెయిన్ విదిల్చిన పింఛను స్పానిష్ సైనికుడి పింఛనుతో పోలిస్తే ఏ మూలకీ రాదు. చచ్చినవాళ్లలో కొందరిని అస్తూరియాస్‌లో బార్సియా అనే చోట గోడకట్టి పాతిపెట్టారు. ఆ ఖబ్రస్తాన్ దశాబ్దాల తరబడి పట్టించుకునే దిక్కులేక పొదలు మొలిచింది. ఫ్రాంకో మాత్రం కొండ తొలిచి కట్టిన చర్చిలో తన పేరు చెక్కిన రాయి కింద 2019 దాకా పడుకున్నాడు.